వెనకగది మేస్త్రీ

కొండపల్లిలో ఆ ఇంట్లో దిగేనాటికి నాకు ఆరో నెల. మావారు సంజీవరావుగారికి థర్మల్ స్టేషన్ కడుతున్నచోట స్టోర్సులో ఉద్యోగం. క్వార్టర్లు ఇంకా పునాదుల్లోనే ఉన్నాయి. పనికోసం వచ్చిన జనంతో ఊళ్ళో వసారాలు, కొట్టుగదులు కూడా నిండిపోయాయి. అలాంటప్పుడు బెజవాడ పెద్దమనిషి ఒకాయన, కొండ కింద తనకో పెంకుటిల్లు ఉందనీ, చాలా ఏళ్ళుగా మూసి ఉందనీ, బాగుచేయించుకోగలిగితే ఉండొచ్చనీ అన్నారు. మేం మారుమాట లేకుండా ఒప్పుకున్నాం.

ఇల్లు పెద్దదే. ముందు వసారా, నడిమిల్లు, పక్కన వంటిల్లు, వెనక ఒక గది. పెంకులు సగం జారిపోయాయి. దూలాలకి చెద. వాన పడితే ఎక్కడ గిన్నె పెట్టాలో వెతుక్కోవడమే. అన్నిటికంటే అధ్వాన్నం వెనకగది. దాని గోడ కొండకి దాదాపు ఆనుకుని ఉంటుంది. గోడ మధ్యలో మనిషి దూరేంత మేర ఇటుకలు రాలిపోయి బొరియలాగా ఉండేది. అందులోంచి ఎండాకాలంలో కూడా చల్లటి గాలి వచ్చేది. దానితోపాటు ఒక వాసన. చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినప్పుడు వచ్చేలాంటి వాసన.

వానలు పడేలోగా ఇల్లు బాగుచేయించుకోవాలని మా ఆరాటం. పురుడికి నేను గన్నవరం మా అమ్మ దగ్గరికి వెళ్ళినా, పసిబిడ్డతో తిరిగి రావలసింది ఈ ఇంటికే కదా. కానీ పనివాళ్ళు దొరకాలిగా. అంతకుముందు నవంబరులో వచ్చిన తుఫాను దివిసీమని ఊడ్చేశాక, చెయ్యి తిరిగిన తాపీవాళ్ళంతా అక్కడ ఇళ్ళు కట్టడానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళని థర్మల్ స్టేషను లాగేసుకుంది. రేపొస్తానన్న మనిషి వారమైనా కనపడడు. వచ్చినవాడు గోడలు తట్టి, పెదవి విరిచి, తాంబూలం నమిలి వెళ్ళిపోతాడు. మావారు సైకిలేసుకుని ఇబ్రహీంపట్నం దాకా తిరిగారు. ఒకసారి మైలవరం కూడా వెళ్ళొచ్చారు.

ఎలాగో ఒక తాపీమేస్త్రీ దొరికాడు. పగలంతా పనిచేసి వెనకగోడ బొరియ పూడ్చాడు. తెల్లారి చూస్తే ఇటుకలన్నీ గది మధ్యలో పడి ఉన్నాయి. సిమెంటు మంచిది కాదన్నాడు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ పడింది. ఆ ఇటుకలు వాటంతటవే కూలినట్టు గోడ పాదం దగ్గర లేవు. అవతలనుంచి ఎవరో తోసినట్టు దూరంగా చెదిరి ఉన్నాయి. అతను వాటివంక కాసేపు చూసి, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. అంతే.

తరవాత కాశీరావు అనే వడ్రంగి వచ్చాడు. బందరు దగ్గర పల్లెలో పడవలు చేసిన మనిషి, తుఫానులో అన్నీ పోగొట్టుకుని ఇటు వచ్చాడు. దేనికీ జంకే రకంలా కనపడలేదు. వెనకగదికి ద్వారబంధం పెట్టమన్నాం. నేను వంటింట్లో ఉండి, చిత్రిక పడుతున్న చప్పుడు వింటున్నాను. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగింది. మంచినీళ్ళు పట్టుకెళితే మనిషి లేడు. బాడిశ, ఉలులు, చిత్రిక అన్నీ అక్కడే ఉన్నాయి. వడ్రంగి తన పనిముట్లు వదిలేసి వెళ్ళడం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం మావారే అవి తీసుకుని అతని గుడిసెకి వెళ్ళారు. కాశీరావు బయటికి రాలేదట. పెళ్ళాం వచ్చి పనిముట్లు అందుకుందట. లోపలినుంచి మాత్రం ఒక మాటన్నాడట.

“ఆ గదికి కావలసింది తలుపు కాదండీ.”

మావారు ఆ మాట చెప్పి నవ్వారు. ఆయన దేనికైనా నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడో ఆ మర్నాడో, ఆయన డ్యూటీకి వెళ్ళాక, పెరటి గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పెద్దవాడే. తలకి తుండుగుడ్డ, చేతిలో తాపీ, భుజానికి గోనెసంచి. పేరు ఇశ్రాయేలని చెప్పాడు.

“వెనకగోడ కట్టాలంట గదమ్మా,” అన్నాడు.

మావారు ఎక్కడో పట్టుకుని పంపారనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. గది చూపించబోతే, తనకు తెలుసన్నట్టు నాకంటే ముందే నడిచాడు. గుమ్మానికి గోనెపట్టా కట్టాడు. సున్నం దుమ్ము రేగుతుంది, కడుపుతో ఉన్నారు, ఇటు రాకండి అన్నాడు. ఆ మాటకే అతనిమీద గౌరవం కలిగింది.

ఇక రోజూ నేను లేచేసరికే పనిలో ఉండేవాడు. తాపీతో ఇటుకమీద తట్టే చప్పుడు. టక్, టక్. ఆగి, మళ్ళీ టక్. సిమెంటు వాడేవాడు కాదు. తడిసున్నం వాసన, అందులో బెల్లం కలిపిన తీపివాసన ఇల్లంతా ఉండేది. అన్నం పెడతానంటే వద్దనేవాడు. మంచినీళ్ళు గుమ్మం దగ్గర పెడితే పెట్టినట్టే ఉండేవి. చీకటి పడే వేళకి చప్పుడు ఆగిపోయేది. పెరటిదారిన వెళ్ళిపోయాడనుకునేదాన్ని.

పొద్దున్నే చేపల తట్టతో వచ్చే కొండలమ్మ మా వసారాలో కాసేపు కూర్చుని వెళ్ళేది. ఆవిడ తమ్ముడి గుడిసె మా పెరటి వెనకే. ఒకరోజు చేపలు ఏరి ఇస్తూ, నావంక చూడకుండానే అడిగింది.

“మీ మేస్త్రీ రాత్రిళ్ళు ఇక్కడే పడుకుంటాడా అమ్మా?”

లేదన్నాను.

“మా తమ్ముడు పెరట్లోంచి చూస్తానే ఉన్నాడంట. లోనికి పోవడం ఒకనాడు చూశాడంట. బయటికి రావడం ఇంతవరకూ చూళ్ళేదంట.”

ఆ రాత్రి మావారికి ఈ సంగతి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగారు. “ఇంతకీ ఈ మేస్త్రీని నీకెవరు చెప్పారు?” అన్నారు.

“మీరు పంపలేదా?”

ఆయన మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టారు. తరవాత ఎప్పటిలాగే నవ్వేసి, రేపు పెందలాడే వచ్చి తనే అతనితో మాట్లాడతానన్నారు.

మర్నాడు పొద్దుటినుంచి ముసురు. మధ్యాహ్నానికి వాన ఊపందుకుంది. నాకు నడుము నొప్పిగా ఉంటే నడిమింట్లో పడుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఇల్లు మసకమసకగా ఉంది. కరెంటు లేదు. పెంకులమీద వాన మోత. గిన్నెల్లో చుక్కలు పడుతున్న చప్పుడు. బుడమేరు వాగు పొంగి ఉంటుంది, ఆయన ఎలా వస్తారో అనుకుంటూ లాంతరు వెలిగించాను.

టక్... టక్.

వెనకగదిలో ఇంకా పని జరుగుతోంది.

ఇంత చీకట్లో ఏం కడుతున్నాడు? వాన ముదరకముందే ఇంటికి వెళ్ళమని చెబుదామని, లాంతరు పట్టుకుని వెళ్ళి గోనెపట్టా ఎత్తాను.

గోడ పూర్తయింది. చక్కటి పని, అతుకు తెలియకుండా ఉంది. ఎత్తున, నా భుజం మట్టంలో, ఒక్క ఇటుక పట్టేంత ఖాళీ మాత్రం మిగిలింది. గదిలో ఇశ్రాయేలు లేడు.

టక్.

ఆ చప్పుడు గోడ అవతలనుంచి వస్తోంది.

“మేస్త్రీ...” అన్నాను.

ఖాళీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మోచేతిదాకా సున్నం. అరచెయ్యి పైకి తిప్పి చాచి ఉంది.

“ఒక్క ఇటుక తక్కువైందమ్మా. మీ కాళ్ళ దగ్గరుంది. అందించండి.”

“నువ్వు... బయటికెలా వస్తావు?”

“బయటినుంచి కడితే నిలవట్లేదమ్మా. లోపలినుంచి కట్టాలి.”

ఎంతో మామూలుగా, పని గురించి చెబుతున్నట్టే చెప్పాడు. నేను వంగి ఇటుక తీసుకున్నాను. తడిగా, చల్లగా ఉంది. లేచి నిలబడేసరికి ఆ ఖాళీ వెనక, మేస్త్రీ ఊపిరి కాక, ఇంకో ఊపిరి వినిపించింది. పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరిలాగా.

“ఎలిజబెత్...”

మావారి గొంతు.

“ఎలిజబెత్, ఇవ్వకు. నేనే. పెందలాడే, పెరటిదారిన వచ్చాను... నువ్వు నిద్రపోతున్నావని లేపలేదు. ఇతనితో మాట్లాడదామని లోపలికి వచ్చాను...”

గోడమీద నా నీడ ఊగింది. ఆ సున్నపు చెయ్యి మాత్రం కదల్లేదు.

“వినకండమ్మా,” అన్నాడు ఇశ్రాయేలు, గొంతు బాగా తగ్గించి. “అది అట్టాగే పిలుస్తది. ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు. తొరగా ఇవ్వండి.”

“ఇతని మాట నమ్మకు... ఊపిరి ఆడట్లేదు నాకు... ఎలిజబెత్...”

ఏడుస్తున్నారు. ఆయన ఏడవడం నేను ఒక్కసారే విన్నాను, వాళ్ళమ్మ పోయినప్పుడు. అచ్చంగా అదే ఏడుపు. వెక్కిళ్ళ మధ్య ముక్కు ఎగబీల్చడం కూడా అదే.

ఇటుక పారేసి గోడ పీకేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. వేళ్ళు ఆ ఖాళీ అంచుమీద పెట్టాను కూడా...

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది.

దబదబా బాదుతున్నారు. వానలోంచి కేక.

“ఎలిజబెత్! తలుపు తియ్యి. తడిసిపోయాను.”

అదీ మావారి గొంతే.

గోడలోని ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తరవాత, అదే గొంతు, చెవిలో చెప్పినట్టు...

“తలుపు తియ్యకు.”

కడుపులో బిడ్డ కదిలింది. బలంగా, ఒక్క తన్ను. వీధిలో ఉన్నది ఆయనే అయి ఉండాలి. డ్యూటీనుంచి వచ్చే మనిషి వీధి తలుపే కదా కొడతాడు. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. ఇటుకని ఆ చేతిలో పెట్టాను.

చెయ్యి లోపలికి వెళ్ళింది. తాపీ గీసిన చప్పుడు. ఇటుక ఖాళీలోకి జరుగుతూ ఉంటే, మిగిలిన సన్నటి సందులోంచి మావారి గొంతు నా పేరే పిలుస్తూ ఉంది. సందు మూసుకునేకొద్దీ ఆ గొంతు సన్నబడింది. చివరికి ఏమీ లేదు. వాన ఒక్కటే.

వెళ్ళి తలుపు తీశాను. మావారే. నిలువెల్లా తడిసి ఉన్నారు. బుడమేరు దగ్గర నీళ్ళు రోడ్డెక్కాయనీ, సైకిలు అక్కడ ఒక కొట్లో పెట్టి నడిచి వచ్చాననీ చెప్పారు. నేను ఆయన్ని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. లాంతరు తీసుకుని వెనకగదిలోకి వెళ్ళి, గోడమీద అరచేత్తో నిమిరి చూశారు.

“మంచి పనివాడే,” అన్నారు.

తెల్లవారాక నేను ఆ గోడ పగలగొట్టించి చూడమన్నాను. మావారు వద్దన్నారు. అంత కష్టపడి కట్టించిన గోడ ఎందుకు పగలగొట్టాలన్నారు. నేను మళ్ళీ అడిగాను. నవ్వకుండా, నెమ్మదిగా, వద్దనే అన్నారు. ఇశ్రాయేలు మళ్ళీ రాలేదు. అతని కోసం ఎవరూ వెతుక్కుంటూ రాలేదు.

ఆశ్చర్యమేమిటంటే, ఆ తరవాత పనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. పెంకులు నేసేవాళ్ళు వచ్చారు, దూలాలు మార్చారు, వెల్లవేశారు. వేరే వడ్రంగి వచ్చి వెనకగదికి తలుపు పెట్టి గొళ్ళెం బిగించాడు. వానాకాలమంతా ఒక్క చుక్క కారలేదు. నేను గన్నవరం వెళ్ళి, ఆడపిల్లని కని, చలికాలంలో తిరిగి వచ్చాను. మావారు పాపని ఎత్తుకుని తిప్పేవారు, లాల పోసేవారు. ఏ లోటూ లేదు. ఆ రాత్రి జరిగినదంతా కడుపుతో ఉన్నదాని భయమేనని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక గుడినుంచి వచ్చి భోంచేశాం. బయట మంచి ఎండ. వీధి చివర బొమ్మలవాళ్ళు కొయ్య చెక్కుతున్నారు. మావారు నడిమింట్లో చాపమీద పడుకుని గురకపెట్టి నిద్రపోతున్నారు. పక్కనే కూర్చుని పాపకి పాలిస్తున్నాను. మనసు ఎంతో నెమ్మదిగా ఉంది.

వెనకగది తలుపు అవతల, ఇంకా అవతల, ఎంతో లోతునుంచి, ఎవరో నన్ను పిలిచారు. ఏడుపు లేదు. అలిసిపోయిన గొంతు.

“ఎలిజబెత్... ఆడపిల్లా... మగపిల్లాడా?”

నా పక్కన గురక ఆగిపోయింది.

ఆయన కళ్ళు తెరవలేదు. కదల్లేదు. నిద్రపోతున్నట్టే వెల్లకిలా పడుకుని, నేనేం జవాబు చెబుతానోనని ఊపిరి బిగబట్టి వింటున్నారు.