కోసేసిన అంచు

కాఫీ గ్లాసులు ఇంకా కడగనేలేదు, కోడలు హాల్లో నేల మీద నాలుగు బొమ్మలు పరిచి కూర్చుంది. పక్కన ఫ్రేముల నమూనా ముక్కలున్నాయి. ఒక్కో ముక్కనూ బొమ్మ మూలకి ఆనించి, తల పక్కకి వంచి చూస్తోంది. ముప్ఫై ఏళ్లు ఫ్రేముల కొట్టు నడిపిన మామగారికి, ఆ ఇంట్లో తనని అడక్కుండా ఫ్రేము ఎంచడమంటే తల కొట్టేసినట్టే ఉంది.

"ఎక్కడ కొన్నావు ఈ కళాఖండాలు?"

"బయటే, మామయ్యా. ఎలా ఉన్నాయి?"

"వేసినవాడికి చేతులున్నాయా? పిట్టట! నానిన చెప్పులా ఉంది."

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. "నల్ల ఫ్రేము బావుంటుందా?"

"చిత్తు కాగితానికి ఏ ఫ్రేమైతేనేం? కూర మాడిన రంగే తెలీదు నీకు, బొమ్మల రంగులు తెలుస్తాయా?"

"పొద్దున్నే ఆ పిల్లని కాల్చుకు తింటారేం?" అని అత్తగారు వంటింట్లోంచి కస్సుమంది. కోడలు బొమ్మలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "సాయంత్రం ఫ్రేముల షాపుకి తీసుకెళ్తాను. ఎవరూ ముట్టుకోకండి" అని ఆఫీసుకి వెళ్లిపోయింది.

ముట్టుకోవద్దట! తననే! ఆ మాట ఆయన్ని మధ్యాహ్నం దాకా తినేసింది. అటక మీద కొట్టు మూసేసినప్పటి ఫ్రేములు నాలుగు ఉంటే దింపాడు. బొమ్మలు రెండు వేళ్లు పెద్దవయ్యాయి. బొమ్మని బట్టి ఫ్రేము కోయాలి తప్ప, ఫ్రేము కోసం బొమ్మని కోయకూడదని పనివాళ్లకి నూరిపోసింది ఆయనే. ఆ తప్పు చేశాడనే ఒకణ్ణి ఒక్కపూటలో పనిలోంచి తీసేశాడు. అయినా ఇవేమైనా బొమ్మలా అనుకుని స్కేలు పెట్టి, కింద తెల్ల అంచు బ్లేడుతో కోసేశాడు. అంచు మీద పెన్సిలు గీతలేవో ఉన్నాయి. కళ్లజోడు కోసం లేవడానికి బద్ధకించి, షాపువాళ్ల లెక్కలేమో అనుకున్నాడు.

సాయంత్రం కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. నాలుగు బొమ్మలూ గోడ మీద ఉన్నాయి.

"కింద అంచు ఏది మామయ్యా?"

"కోసేశాను. నీ షాపువాడికి చేతకాదులే ఇంత పని."

ఆమె చెత్తబుట్ట నేల మీద బోర్లించి, కాగితం పీలికలు ఏరుకుంది. ఒకదాన్ని ఆయన ముందు పెట్టింది. ఈసారి ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. అది కోడలి సంతకం.

"వేసింది నేనే. చెక్క మీద చెక్కి అచ్చు తీశాను. కొన్నానంటే మీరు నిజం చెప్తారనుకున్నాను. నేను వేశానంటే మొహమాటపడతారేమోనని" అంది. "మొహమాటం మీకెక్కడిది!"

"ఇంకోసారి అచ్చు తియ్యొచ్చుగా అమ్మా..."

"ఒక రంగు అచ్చు తీశాక, రెండో రంగు కోసం అదే చెక్కని ఇంకా చెక్కేస్తాం. చివరికి చెక్కే మిగలదు. ఆర్నెల్లు పట్టింది మామయ్యా."

ఆర్నెల్లుగా వెనక గదిలోంచి టకటకలు వినిపిస్తుంటే, వడ్రంగి కోడలు దొరికిందని ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వించింది ఆయనే. ఇప్పుడు ఆయన కళ్లద్దాలు మసకేశాయి. తన కొట్టు తీసేసిన రోజు గోడ మీది బోర్డుని ఎవరో రంపంతో రెండు ముక్కలు చేస్తుంటే చూడలేక వెళ్లిపోయిన మనిషి ఆయన.

"కొత్త కర్ర తెప్పిస్తాను. పెద్ద ఫ్రేములు కడతాను. ముక్కని సరిగ్గా ఆనించి, అతుకు కనపడకుండా అట్ట కప్పేస్తే..."

"వద్దు. అతుకు కనపడాలి."

ఆమె గొంతులో కోపం లేదు, జాలీ లేదు. ఆయన తల వంచుకుని, పొద్దున ఆమె బొమ్మలకి ఆనించి చూసిన నమూనా ముక్కలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఏది కావాలో నువ్వే చెప్పమ్మా."

ఆమె చాలాసేపు చూసి నల్లది తీసిచ్చింది.

వారం తర్వాత పక్కింటాయన వచ్చి బొమ్మల ముందు నిలబడ్డాడు. "భలే ఉంది పిట్ట! కింద ఈ కోత ఏమిటండీ?"

కోడలు కాఫీ ఇచ్చి, మామగారి వైపు చూసింది.

"బొమ్మ మా కోడలు వేసింది" అన్నాడాయన. "కోసింది నేను."