ఇరవై ఆరు నిమిషాల కట్టు

ఉదయం ఏడున్నరకే నీడాసుపత్రిలో సాయంత్రమైపోయింది. ఆ రోజు వార్డుల్లో జరగబోయేదంతా యంత్రం లోపలి ఆ నకలు ఆసుపత్రిలో వెయ్యిసార్లు జరిగి ముగిసింది. వాటిలో అన్నిటికన్నా సాఫీగా సాగిన రోజును ఏరి, యంత్రం అసలు ఆసుపత్రికి పంపింది. ఇక దాన్ని ఉన్నదున్నట్టు దింపడమే అందరి ఉద్యోగం. నర్సు ఎస్తేరు మణికట్టు పట్టీ మీద మొదటి పని వెలిగింది: ఎనిమిదో బెడ్, కాలిపుండు డ్రెస్సింగ్, నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఆ నాలుగు నిమిషాల పది సెకన్లు ఎవరివో ఎస్తేరుకు బాగా తెలుసు. తనవే.

తొమ్మిదేళ్ల కిందట నీడను తయారుచేయడానికి కొలతలవాళ్లు వచ్చి, పద్నాలుగు రోజులు వార్డులో గోడవారగా నిలబడ్డారు. పైనుంచి ఎవరో వస్తున్నారంటే మన ఆసుపత్రులు ఎలా మారిపోతాయో వేరే చెప్పాలా? దుప్పట్లు తెల్లబడ్డాయి, ఫినాయిలు వాసన గుప్పుమంది, సెలవులో ఉన్నవాళ్లు కూడా ఇస్త్రీ బట్టల్లో ప్రత్యక్షమయ్యారు. ఎస్తేరు ఉరుకులు పరుగులు పెట్టింది. గాజుగుడ్డ ముందురోజే కత్తిరించి పెట్టుకుంది. మొండి పుండ్లను వాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు కడిగేసి, వాళ్లు చూస్తుండగా పైకట్టు మాత్రం చకచకా మార్చి భేష్ అనిపించుకుంది. వాళ్లు వెళ్లిపోతే మళ్లీ ఎప్పటిలా నింపాదిగా చేసుకోవచ్చనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. కానీ ఆ తనిఖీ ఇక ముగియలేదు. నీడ ఆ పద్నాలుగు రోజులనే అసలు ఆసుపత్రి అనుకుంది. ఎస్తేరు చేతివేగం నూట నలభై ఆసుపత్రులకు కొలబద్ద అయింది. వార్డుకు ఆరుగురు నర్సులు అక్కర్లేదు, ఇద్దరు చాలని లెక్క తేలింది.

ఆ ఇద్దరిలో ఒకతెగా మిగిలినందుకు మొదట్లో గర్వపడింది కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, ఎవరి మీదో కాదు, తన మీదే.

ఎనిమిదో బెడ్ మీద పైడిరాజు. ఉప్పుమళ్లలో పనిచేసే మనిషి, షుగరు. పోయిన వారం ఎస్తేరే అతని కట్టు నాలుగు నిమిషాల్లో మార్చింది. వేళ్ల సందున నల్లబడుతున్న చోటు చూడలేదు. చూసేలోపు పట్టీ మోగింది, పక్క బెడ్‌కు కదిలింది. మూడో రోజుకు రెండు వేళ్లు తీసేశారు. నీడ దాన్ని 'అనివార్య నష్టం' అని రాసుకుని ఊరుకుంది. ఇంకోసారి అలా జరిగితే పాదమే పోతుంది. పాదం లేనివాణ్ణి ఉప్పుమడిలో ఎవరూ పనికి పెట్టుకోరు.

ఇవాళ మళ్లీ కొలత. నీడ తనను తాను సరిచూసుకునే రోజు. ఈసారి గోడవార మనుషులు లేరు, పైకప్పుకే కళ్లున్నాయి. "ఈ ఒక్క రోజూ పరువు నిలబెట్టండమ్మా" అని సూపరింటెండెంటు భానోజీరావు పొద్దున్నే వచ్చి బతిమాలి వెళ్లాడు.

ఎస్తేరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏటి సిస్టరమ్మా, కూకున్నావు? ఒంట్లో బాగునేదా?" పైడిరాజు కంగారుపడ్డాడు.

"బాగానే ఉంది. కాలు కదపకు."

"నీ సేతికున్నది మోగుతంది."

"మోగనీ."

అంటుకుపోయిన గుడ్డను సెలైనుతో తడిపి, లాగకుండా ఊడదీసింది. వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. మడమ పక్కన చర్మం పైకి బాగానే ఉంది కానీ వేలికి మెత్తగా తగిలింది. నొక్కితే చీము వచ్చింది.

"నొప్పి తెలుస్తోందా?"

"నేదమ్మా. ఏటీ తెలీడం నేదు."

డాక్టరును పిలిపించి గాటు పెట్టించింది. శుభ్రంగా కడిగి కట్టు కట్టింది. ఈలోగా మిగతా బెడ్ల వాళ్లు గొణిగారు. తొమ్మిదో బెడ్ పెద్దాయన గట్టిగానే తిట్టాడు. ఎస్తేరు లేచేసరికి ఇరవై ఆరు నిమిషాలు.

భానోజీరావు తెరపలక పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాడు, భయస్తుడు. "ఇరవై ఆరా! ఏమైందండీ మీకు? ఇదిగో, 'ఇవాళ అస్వస్థత' అని రాశాను. వేలిముద్ర వెయ్యండి, మీ ఇవాళ్టి కొలత లెక్కలోంచి తీసేస్తారు."

"వెయ్యకపోతే?"

"చేతకాదని మిమ్మల్నే తీసేస్తారు."

"నాకు జబ్బేం లేదు సార్. ఈ కాలికి ఇరవై ఆరు నిమిషాలే పడుతుంది. అప్పట్లో నేను చూపించిన నాలుగే దొంగ లెక్క."

"మెల్లగా మాట్లాడండి! ఆ లెక్క మీద నూట నలభై ఆసుపత్రులు నడుస్తున్నాయి."

"తెలుసు సార్. ఇతని వేళ్లు కూడా దాని మీదే పోయాయి."

ఆయన చేతిలోంచి పలక అందుకుంది. అట్టడుగున, ఎవరూ ఎన్నడూ ముట్టుకోని గడి ఒకటుంది: పాత కొలతపై ఉద్యోగి అభ్యంతరం. తొమ్మిదేళ్ల కిందటి నా కొలత అబద్ధం, అని రాసింది. వేలిముద్ర మొదటిసారి పడలేదు, వేలికి మందు తడి ఉంది. కోటుకు తుడుచుకుని మళ్లీ వేసింది.

గోడమీది తెరలో నీడాసుపత్రి ఒక్క క్షణం ఆగిపోయింది. అదే రోజును కట్టుకు ఇరవై ఆరు నిమిషాల లెక్కన మళ్లీ వెయ్యిసార్లు నడపడం మొదలుపెట్టింది. ఎప్పుడూ సాయంత్రానికి ఖాళీ అయ్యే ఓపీ హాలు ఈసారి ఖాళీ కాలేదు. జనం వరండాలోకి, మెట్ల మీదికి పెరిగారు. క్యూ గేటు దాటి రోడ్డెక్కింది.

"ఇంతమంది ఎక్కణ్నుంచి వచ్చారు?" భానోజీరావు తెర దగ్గరికి జరిగాడు.

"కిటికీలోంచి చూడండి సార్. రోజూ ఉంటారు."

ఎస్తేరు పట్టీ ఆరిపోయింది. అంతలో తొమ్మిదో బెడ్ పెద్దాయన, ఇందాక తిట్టినాయనే, మెల్లగా పిలిచాడు. "సిస్టరమ్మా, నాక్కూడా అలగే కూకోని సూడవా?"

ఆమె గాజుగుడ్డ కోసం అలమర తాళం మీద వేలు పెట్టింది. తెరుచుకోలేదు. ఆమె వేలు ఇక అక్కడ చెల్లదు.

"మీ వేలు పెట్టండి సార్" అంది.

భానోజీరావు తెర కేసి చూశాడు, పైకప్పు కేసి చూశాడు, కదల్లేదు. పెద్దాయన అప్పటికే కాలు చాపుకుని ఎదురుచూస్తున్నాడు.