ట్రైనర్ గారి వేషాలు

ఆ ముసలాయన్ను కొట్టకుండా ప్రసూన తన చేతిని ఆపుకుందంటే, అది ఆమె పెంపకం గొప్పతనమే.

"తాతా, నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింటాది, చూడు."

"ఫోన్ మా కోడలి దగ్గరుండాది."

"కోడలు యాడుండాది?"

"పుట్టింట్లో. అలిగి పోయింది."

"మీ ఇంటి తగాదాలు తీర్చే సర్వీసు ఈ వెబ్‌సైట్లో లేదు తాతా!"

వెంటనే తాత ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడైపోయి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని పుస్తకంలో రాసుకున్నాడు. "విసుక్కున్నారు మేడమ్. రెండు మార్కులు కట్."

అతని పేరు జయచంద్ర. జనం చేత పింఛను, రేషన్ కార్డు దరఖాస్తులు ఆన్‌లైన్లో పెట్టించడం కళ్యాణదుర్గం గ్రంథాలయ సిబ్బందికి నేర్పడానికి అనంతపురం నుంచి వచ్చాడు. సిబ్బంది అంటే ప్రసూనే. రెండో కుర్చీ ఖాళీ అయి రెండేళ్లయింది.

పాఠం చెప్పవయ్యా అంటే వేషాలు వేస్తాడు. సోమవారం చెవిటి రైతు. మంగళవారం, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడిందని ఆమెతోనే జగడానికి దిగిన కూలి. బుధవారం అలిగిన కోడలి మామ. అదేమంటే, "నిజంగా వచ్చేవాళ్లు ఇంతకంటే ఘోరం మేడమ్" అంటాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ప్రసూన తనలో తనే నవ్వుకుంది.

"ఏమైంది పాపా?" అన్నాడు వాళ్ల నాయన తిమ్మప్ప.

"ఏమీ లే నాయనా, ట్రైనింగ్."

శుక్రవారం సాయంత్రం బస్సుకు జయచంద్ర ఇంకో ట్రైనింగ్‌కు మడకశిర పోతున్నాడు. మళ్లీ ఇటు రాడు. పీడ వదిలిందని సంతోషించాల్సింది పోయి, ముద్ద దిగలేదు. తన మీద తనకే విసుగొచ్చింది.

శుక్రవారం ఆఖరి పరీక్ష. వెనకాల నిజమైన జనం కూడా వచ్చి నిలబడ్డారు. అందరికంటే ముందు, సంచి నిండా కాగితాలతో, పింఛను కోసం వచ్చిన నల్లమ్మ.

జయచంద్ర కుర్చీలో కూర్చున్నాడు.

"చెప్పప్పా, ఏం కావాల?"

"పెండ్లి చేసుకోవాలనుకుంటాండా."

"మ్యారేజ్ సర్టిఫికెట్టా? అది పెండ్లయినాక ఇస్తారు."

"అమ్మాయిని ఇంకా అడగలే."

"అడక్కుండానే ఈడికొచ్చినావా!" ప్రసూన మార్కులు గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "సరే, ఆమె పేరు?"

"ప్రసూన."

"నా పేరెందుకు వాడతావప్పా? ఊర్లో ఇంక పేర్లే లేవా?"

నల్లమ్మకు ఓపిక నశించింది. "ఒమ్మో, నీకు చదువు చెప్పినోళ్లెవరే? ఆ పిల్లోడు నిన్నే అడుగుతాండాడు! ఊ అనో ఊహూ అనో చెప్పి పంపీ. నా పింఛను పనుండాది."

ప్రసూన చూసింది. మార్కుల పుస్తకం బల్ల మీద లేదు. పెన్నూ లేదు. ఇలాంటప్పుడు బయట చిన్న వాన పడితే బాగుండేది. కానీ ఇది కళ్యాణదుర్గం, ఎండ దంచుతోంది.

"ఇది పరీక్ష కాదా సార్?"

"పరీక్షే. నాకు."

"ఇన్ని దినాలు తాతా, మామా అనిపించుకొని ఇప్పుడు పెండ్లంటావా? సిగ్గు లేదా?"

"ఉండాది. అందుకే శుక్రవారం దాకా పట్టింది."

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రసూన కీబోర్డు మీద లేని దుమ్మును తుడిచింది.

"మా నాయన ఆదివారం ఇంటికాడే ఉంటాడు."

జయచంద్ర కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏమేం కాగితాలు తేవాల?"

"కాగితాలు ఎందుకప్పా! మీ అమ్మను పిల్చుకొని రా."

ఆ మాట పూర్తి కాకముందే నల్లమ్మ అతన్ని కుర్చీలోంచి లేపేసింది.