ఖాళీ డబ్బా తూకం

2083 నాటికి కళింగపట్నంలో న్యూట్రాన్ అంటే ఎవరికీ వింత కాదు. ట్రాక్టర్ ఇరుసు పగిలినా, కొత్త వంతెన అతుకు మీద అనుమానం వచ్చినా, వెనకటి రోజుల్లో కాలు విరిగితే ఎక్స్‌రేకి పోయినట్టు సముద్రపు ఒడ్డునున్న తెల్ల గోపురం దగ్గరికి పట్టుకుపోయేవారు. లోపల న్యూట్రాన్ పుంజం లోహంలోకి దూసుకుపోయి, పరమాణువులకు తగిలి నలుపక్కలా చెదిరేది. అది చెదిరిన తీరును బట్టి లోపల ఏముందో, ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ చీలబోతోందో చెప్పేవారు. పుస్తకాల్లో దాని పేరు న్యూట్రాన్ పరిక్షేపణం. ఊళ్ళో మాత్రం ‘చూపించుకు రావడం’ అనేవారు.

ఆ గోపురంలో సరుకు ఒకటే, పుంజ గంటలు. యంత్రం రోజుకు ఇరవై గంటలు నడిస్తే అడిగేవాళ్ళకు అరవై కావాలి. ఎవరికెన్ని పంచాలో తేల్చే మనిషి పొట్నూరు విహారిక. యాభై ఆరేళ్ళ శాస్త్రవేత్త, కేంద్రానికి పెద్ద. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టింది కాబట్టి ఎదుటివాడు ఎంత దగ్గర మెత్తబడతాడో మాట తీరులోనే పసిగట్టేది. వట్టి చేతులతో వచ్చినవాణ్ణి కూడా ఏదో ఒకటి ఇచ్చిపోయేలా చేసేది.

ఆ నేర్పంతా ఖర్చు పెట్టాల్సిన అవసరం కిందటి ఏడు జూలైలో వచ్చింది. నడిసముద్రంలో ఒక చేపల పడవలోని హైడ్రోజన్ ఇంధన టాంకీ పగిలి ముగ్గురు పోయారు. తీరంలో అలాంటి టాంకీలున్న పడవలు పదకొండు వందల పైచిలుకు. టాంకీ అతుకులో హైడ్రోజన్ ఇరుక్కుంటే లోహం పెళుసవుతుంది. పది లక్షల పరమాణువులకు నూరు హైడ్రోజన్ పరమాణువులు దాటితే ప్రమాదమని అందరికీ తెలిసిన లెక్క. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న మూడు న్యూట్రాన్ కేంద్రాలు, కళింగపట్నం, రాయచోటి, మంథని, ఎవరికి వారు తమకు పంపిన టాంకీలు కొలిచారు. సగటున ఎనభై ఎనిమిది, తొంభై ఒకటి, తొంభై వచ్చాయి. ముగ్గురు వేర్వేరుగా తూచి ఒకే మాట చెప్పాక ప్రభుత్వానికి ఇంకేం కావాలి? వేట నిషేధం ముగిసే జూన్ పదిహేనున పడవలు దింపుకోవచ్చని చెప్పేసింది.

విహారికకు ఒక్కటే గొంతులో అడ్డం పడింది. పగిలిన టాంకీ ముక్కను కూడా తామే కొలిచారు. దానికి వచ్చింది ఎనభై తొమ్మిది. క్షేమమని తేలిన టాంకీ పగిలిందంటే పగలడం తప్పయినా కావాలి, తేల్చడం తప్పయినా కావాలి.

మూడు కేంద్రాల ముడి కొలతలూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. కానీ పెట్టడమెలా? ఒకరి డేటా ఇంకొకరి యంత్రానికి ఎక్కదు, ఒకరి సాఫ్ట్‌వేర్ ఇంకొకరికి అర్థం కాదు. అందుకని ఆమె ఒక పథకం రాసింది. మూడు కేంద్రాల ముడి డేటా, పాత సరుకుతో సహా, ఒకే చోట పొయ్యాలి. దానికి ‘ఉమ్మడి గాదె’ అని పేరు పెట్టింది. గాదెలో ఉన్నదంతా ఒకే పద్ధతిలో లెక్కగట్టే తెలివిగల సాఫ్ట్‌వేర్ ‘తూకపరి’. గాదెలోకి చేరే ప్రతి అంకెకూ ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పుట్టింది, ఎవరి చేతిలో పుట్టింది అనే జన్మచీటీ ఉంటుంది. చేరాక ఏదీ చెరపకూడదు. చెరపాలంటే ముగ్గురు పెద్దలూ వేలిముద్ర వెయ్యాలి.

పథకం రాయడం పది రోజుల పని. ఒప్పించడానికి పది నెలలు పట్టింది.

“మేడం, మా పిల్లోల్లు రెండేండ్లు కూర్చోని కొలిచిన డేటా అది” అన్నాడు రాయచోటి పెద్ద షేక్ మహబూబ్ పీర్. బల్లకు అవతల గాలిలో అతని వెలుగుబొమ్మ కూర్చుని ఉంది. “గాదెలో పోస్తిమా, రేపు మీ పిల్లోల్లు దాంతో పేపరు రాసుకుంటారు. మాకేం మిగులుతాది?”

“పేరు మిగులుతుంది పీర్ గారూ. వాడుకున్న ప్రతివాడూ మీ జన్మచీటీ తగిలించుకునే వాడాలి. ఇప్పుడు మీ డేటాను వాడేవాడే లేడు. అప్పుడేం మిగులుతోంది?”

పీర్ గడ్డం గోక్కున్నాడు. మంథని పెద్ద దాసరి సమ్మయ్య అందుకున్నాడు. “అక్కా, డేటా ఇస్తం గని, లెక్క మా సాఫ్ట్‌వేర్ల చేసుకుంటం. మాది మాకు అలవాటైంది.”

“మీ సాఫ్ట్‌వేర్ రాసినాయన రిటైరై పన్నెండేళ్ళయింది సమ్మయ్యా. అందులో ఏముందో మీలో ఒక్కరికైనా తెలుసా?”

“తెల్వకపోతేంది, నడుస్తున్నది గద.”

ఒకరికి వాళ్ళ డేటా మీద పేపరు రాసుకునే మొదటి హక్కు ఏడాది పాటు ఇచ్చింది. ఇంకొకరికి తూకపరి వాళ్ళ మాండలికంలో మాట్లాడే ఏర్పాటు చేసింది. తన కేంద్రం వాటా పుంజ గంటల్లో నూట ఇరవై వదులుకుంది. చెరపకూడదన్న షరతు దగ్గర మాత్రం వెంట్రుకవాసి కూడా జరగలేదు. “చెరిపే వీలుంటే గాదె ఎందుకు, పలక చాలు” అంది. జూన్ నాలుగున ముగ్గురూ వేలిముద్రలు వేశారు.

ఐదో తారీకు ఉదయం తూకపరికి మొదటి పని చెప్పింది. పక్కన పుంజం నడిపే జోగారావు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ నుంచీ ఆ గోపురంలో ఉన్న మనిషి. అతని కూతురు జాహ్నవికి సొంత పడవ ఉంది, అదే రకం టాంకీతో.

“టాంకీల కొలతలన్నీ కలిపి చూడు” అంది విహారిక.

“చూశాను” అంది తూకపరి. “ముందు ఒక సంగతి. మూడు కేంద్రాలూ తీసేసిన ఖాళీ డబ్బా కొలత ఒకటే.”

“అందరూ వాడేవి ఒకే రకం వెనేడియం డబ్బాలు. దగ్గర దగ్గరగా ఉండడంలో వింత లేదు.”

“దగ్గరగా లేవు. చివరి అంకె దాకా అవే.”

విహారిక కుర్చీ ముందుకు జరుపుకుంది. దేన్ని కొలవాలన్నా ముక్కను ఒక పల్చటి డబ్బాలో పెట్టి పుంజంలో ఉంచుతారు. పుంజం ముక్కకూ తగులుతుంది, డబ్బాకూ తగులుతుంది. అందుకని ఖాళీ డబ్బాను విడిగా కొలిచి, మొత్తంలోంచి తీసేస్తారు. పలాస కొట్లో వాళ్ళ నాన్న రోజూ పొద్దున్నే ఖాళీ డబ్బా కాటా మీద పెట్టి, ఆ బరువు తీసేశాకే పప్పు తూచేవాడు. నిన్న తూచిందే కదా అంటే, “వానాకాలం డబ్బా వేరు, ఎండాకాలం డబ్బా వేరు” అనేవాడు. కొట్లో అరనిమిషం పని ఇక్కడ ఆరు పుంజ గంటలు తింటుంది. ఖాళీ డబ్బా మీద ఆరు గంటలు తగలెయ్యడానికి ఏ కేంద్రంలోనూ ఎవరికీ చేతులు రావు.

ఇంకొకటి కూడా ఆమెకు తెలుసు. న్యూట్రాన్లు వానచినుకుల్లా వచ్చి తగులుతాయి. అదే డబ్బాను అదే చోట రెండుసార్లు కొలిచినా చినుకుల లెక్క ఒక్కలా రాదు, వాటిని లెక్కపెట్టే పరికరంలోని ప్రతి గడిలోనూ నాలుగు ఎక్కువో మూడు తక్కువో ఉంటుంది. వేల గడుల్లో ఆ వణుకు కూడా కలిసిపోయిందంటే కొలిచింది ఒక్కసారే. మిగతా వాళ్ళు ఎత్తిరాసుకున్నారు.

“జన్మచీటీ చదువు” అంది.

“రాయచోటిలో, మంథనిలో పేరు మార్చి దాచారు. అసలుది ఇక్కడి పాత సరుకులో దొరికింది. 2052 జూలై పంతొమ్మిది. కళింగపట్నం. ఉదయం పదకొండు నుంచి పదకొండు నలభై దాకా. కొలిచినవారు పొట్నూరు విహారిక.”

జోగారావు ఆమె వైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు.

ఆమెకు ఆ రోజు గుర్తుంది. ఇరవై ఐదేళ్ళ వయసు. బయట వాన. డబ్బాను కడిగి ఓవెన్‌లో ఆరబెట్టాలి, ఓవెన్‌లో ఎవరివో ముక్కలున్నాయి. చేతిలో ఉన్నది నలభై నిమిషాలు. కాగితంతో తుడిచి మూత బిగించి పెట్టేసింది. తర్వాతెప్పుడో రాయచోటి స్నేహితురాలు అడిగితే ఇచ్చింది. అక్కణ్ణుంచి మంథని పోయి ఉంటుంది. ఒక్క టాంకీ అంకె కోసం పది నెలలు బేరమాడించిన మనుషులు, ఖాళీ డబ్బాను మాత్రం ముప్పై ఏళ్ళుగా అడక్కుండానే పంచుకున్నారు.

మూత మడతలో తడి ఉండిపోయింది. తడి అంటే నీరు, నీటిలో ఉన్నది హైడ్రోజన్. న్యూట్రాన్‌ను అన్నిటికంటే ఎక్కువగా చెదరగొట్టేది అదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి టాంకీలోంచీ, ప్రతి అతుకులోంచీ ఆ హైడ్రోజన్‌ను లెక్కలో తీసేస్తూ వచ్చారు.

“ఎంత తీసేశాం?”

“ఆరిన డబ్బాను కొలిస్తే గాని చెప్పలేను” అంది తూకపరి.

మధ్యాహ్నం పీర్‌ను, సమ్మయ్యను పిలిచి దాచకుండా చెప్పింది.

“ముప్పై ఏండ్లల్ల మనం సంతకం వెట్టిన అతుకులెన్ని అక్కా?” అన్నాడు సమ్మయ్య మెల్లగా. “బ్రిడ్జిలు, బాయిలర్లు. అన్నీ మల్ల చూస్తరా?”

“మేడం, మీ పరువు కోసరమే చెప్తాండా” అన్నాడు పీర్. “ఆ డబ్బా కొలతను గాదెలోంచి తీసేద్దాం. మా ఇద్దరి ముద్రలు ఇదో ఇస్తాం. వచ్చే ఏడు నిదానంగా కొత్తది కొలుచుకుందాం. పడవల సంగతంటారా, ఇన్నాళ్ళు పగిలింది ఒక్కటే కదా.”

సమ్మయ్య తల ఊపాడు. తూకపరి తెర మీద రెండు ముద్రలు పడ్డాయి. మూడో గడి ఖాళీగా మెరుస్తోంది. విహారిక గోడ గడియారం చూసింది.

“పది నెలలు తిప్పించుకున్నారు నన్ను. కామా దగ్గర కూడా మీ ఇద్దరికీ కుదరలేదు. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో ఒక్కటయ్యారు.”

“మీకు కూడా లాభమే కదా మేడం” అన్నాడు పీర్.

లాభమే. ఆమె లెక్క వేసుకుంది. వేలిముద్ర వేస్తే పేరు నిలుస్తుంది, గాదె నిలుస్తుంది, మూడు కేంద్రాల మాట నిలుస్తుంది. అవతలి తట్టలో పదకొండు వందల పడవలు, పడవకు నలుగురైదుగురు మనుషులు. ఎటు మొగ్గుతుందో చూడడానికి కాటా అక్కర్లేదు. అయినా వేలు తెర దాకా వెళ్ళి ఆగింది.

వెనక నుంచి జోగారావు అన్నాడు. “మేడమ్‌గారూ, మాకీ లెక్కలవీ తెల్దు. పదిహేనో తారీకున మా పిల్ల పడవ దిగుతాది. దించమంటారా, ఆపమంటారా? అదొక్కటి సెప్పీయండి.”

విహారిక వేలు వెనక్కి తీసుకుంది.

“ఆపండి” అంది. “ఓవెన్ ఖాళీ చేయించండి జోగారావు గారూ. డబ్బా ఆరబెట్టాలి.”

పీర్ వెలుగుబొమ్మ ఏదో అనబోయి మాయమైంది. సమ్మయ్య మాత్రం పోతూ పోతూ, “నువ్వు మొండిదానివక్కా” అన్నాడు.

ఆరో తారీకు పగలంతా డబ్బా ఓవెన్‌లో ఉంది. ఏడున పొద్దున్నే తన సొంత ప్రయోగానికి దాచుకున్న గంటల్లోంచి ఆరు తీసి, డబ్బాను తన చేత్తోనే పుంజంలో పెట్టింది. కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి తూకపరి పాత ఖాళీ డబ్బా తీసి కొత్తది పెట్టి లెక్కగట్టింది. ఎనభై ఎనిమిది నూట ముప్పై ఒకటైంది. తొంభై నూట ముప్పై మూడు, తొంభై ఒకటి నూట ముప్పై నాలుగు. పగిలిన టాంకీ నూట ముప్పై రెండు. అది పగలాల్సిన టాంకీయే. మిగతావీ అంతే.

“పాత కొలత పక్కన కారణం రాయాలి” అంది తూకపరి.

విహారిక రాసింది. “డబ్బా తడిగా ఉంది. ఆరబెట్టకుండా కొలిచాను.” కింద పేరు.

పదిహేనో తారీకున ఆ టాంకీలున్న పడవలేవీ నీళ్ళలోకి దిగలేదు. కేంద్రాలు ఇచ్చిన పాత సర్టిఫికెట్లన్నీ మళ్ళీ చూడాలని ఉత్తర్వు వచ్చింది. పేపర్లు ఆమె ఫొటో వేశాయి, మంచి ఫొటో కూడా కాదు. ఒడ్డున ఇసుకలో వలలు మడత పెడుతున్న జాహ్నవి ఆమెను చూసి లేచింది.

“అప్పుడెప్పుడో డబ్బా తుడిసింది నువ్వేనట గదా పిన్నిగోరూ?”

“నేనే.”

“సరిగ్గా తుడవలేదంట.”

“లేదు.”

జాహ్నవి వల దులిపింది. “వంట ఇలాగే సేస్తావేటి?” అని, వల మడత పెడుతూ, “మా టాంకీ ఎప్పుడు మారుస్తారు మరి?” అంది.

“మొదటి విడతలో రాయించాను. ఇరవై రోజులు.”

“పద్దెనిమిదికి రాయించు.”

“పంతొమ్మిది” అంది విహారిక. జాహ్నవి మొహంలో ఎంతో కొంత నవ్వు కనిపించింది.

జూలైలో ఉమ్మడి గాదె అందరికీ తెరిచారు. మొదటి రోజే అర్జీలు వచ్చాయి. పైన ఉన్నది రాయచోటిది, దాని కింద మంథనిది. పాత కొలతలన్నీ సరిచెయ్యాలి, పుంజ గంటలు చాలడం లేదు, మీ కొత్త ఖాళీ డబ్బా కొలత పంపగలరు. రెండింటిలోనూ ఇంచుమించు అవే మాటలు.

“నిబంధన ప్రకారం ఇవ్వాలి” అంది తూకపరి. “గాదెలో ఉన్నది అడిగినవాళ్ళకు కాదనకూడదని మీరే రాశారు. పంపనా?”

విహారిక ఆ అర్జీలు రెండూ మళ్ళీ చదివింది. తర్వాత పథకం చివరికి వెళ్ళి కొత్త నిబంధన చేర్చింది. గాదెలో ఉన్నదంతా అందరిదీ. ఖాళీ డబ్బా తప్ప. ఎవరి డబ్బా వాళ్ళే, ప్రతి ప్రయోగానికీ కొత్తగా ఆరబెట్టి కొలుచుకోవాలి. దీని మీద మాత్రం బేరం లేదు.

“ఈ నిబంధన కళింగపట్నానికి కూడా వర్తిస్తుందా?” అడిగింది తూకపరి.

ఆమె జవాబు చెప్పేలోపు జోగారావు తలుపు తోసుకుని వచ్చాడు. భుజాలు తడిసి ఉన్నాయి. “వంతెన అతుకులొచ్చీసాయి మేడమ్‌గారూ. పుంజం ఎక్కించీమంటారా? ఖాళీ డబ్బా మొన్న కొలిసినదే ఉంది గదా, మళ్ళీ ఆరు గంటలెందుకు?”

కిటికీ అద్దం మీద వాన గీతలు దిగుతున్నాయి. విహారిక లేచి, అలమరలోంచి డబ్బా తీసి, ఓవెన్ తలుపు తెరిచింది.