వాండా లెక్కలో ఒకరు తక్కువ

మా ఊరి సిటీ హాల్లో మైకులు చూసుకునేది నేను. పందొమ్మిదేళ్ళుగా అదే పని. సభ జరిగే గది వెనక, అద్దం బిగించిన చిన్న గదిలో కూర్చుంటాను. చెవులకి హెడ్‌ఫోన్స్. ఎవరు మాట్లాడడానికి లేస్తే వాళ్ళ మైకు తెరవాలి. మూడు నిమిషాలు కాగానే ఎర్ర దీపం వెలిగించి మైకు ఆపెయ్యాలి. మంచు ఎత్తే బండి మా వీధికి రావడం లేదని ఒకాయన, పక్కింటి కుక్క నిద్ర పోనివ్వడం లేదని ఒకావిడ... ఊరి గోడు మొత్తం నా చెవుల్లోంచే పోయేది.

“అందరి గొణుగుడూ వింటావు. నా మాట ఒక్కటి మాత్రం నీ చెవికెక్కదురా క్లెమ్,” అనేది మా అక్క వాండా.

అక్కకి అరవై ఒకటి. మొగుడు పోయాక, ఊరికే కూర్చోలేక, పదిహేడో వీధి మూలన బడి పిల్లల్ని రోడ్డు దాటించే పనికి కుదిరింది. నారింజ రంగు కోటు, మెడలో ఈల, చేతిలో కర్రకి బిగించిన ఎర్ర స్టాప్ బోర్డు. ఎప్పుడూ నోట్లో పుదీనా బిళ్ళ. పిల్లలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి చేరేదాకా పైకే లెక్కపెట్టేది. మూడూ ఇరవైకి దాటే చివరి గుంపులో పన్నెండు మంది. పన్నెండు అన్నాకే బోర్డు దించేది.

జనవరిలో ఒక ఆదివారం క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండి తెచ్చింది. తింటుంటే చెప్పింది.

“బడి మూలన నల్లద్దాల కారు రెండు రోజులుగా ఉంటోందిరా. లోపల ముఖాలకి గుడ్డలు కట్టుకుని కూర్చుంటున్నారు. పిల్లలు హడలిపోతున్నారు. మీ సిటీ హాల్లో ఎవరికైనా చెప్పవూ?”

“వాళ్ళు కాగితాల్లేని వలసవాళ్ళని పట్టుకునే ఫెడరల్ ఏజెంట్లు అక్కా. మా వాళ్ళ మాట వాళ్ళు వింటారా? మనకెందుకు? నీ పని నువ్వు చూసుకో.”

అక్క ఖాళీ గిన్నె కడిగి పెట్టి వెళ్ళిపోయింది.

మంగళవారం తన పని తను చూసుకుంది.

ఇంటికప్పులు వేసే ఎఫ్రాయిన్ అనే అతను తల్లిలేని కూతురు ఇట్సెల్ కోసం బడి బయట, రోడ్డు అవతల నిలబడ్డాడు. ఏజెంట్లు అతని మీదకి వచ్చారు. అతను పరిగెత్తాడు. ఇద్దరు వెంటపడ్డారు, మిగతావాళ్ళు కారుని మూల మీదుగా విసురుగా తిప్పారు. అప్పుడు పిల్లలు రోడ్డు మధ్యలో ఉన్నారు. అక్క బోర్డు ఎత్తి కారుకి అడ్డంగా నిలబడింది. కారు ఆగింది. ఒకడు దిగి, తప్పుకోమని అరిచాడు. అక్క తప్పుకోలేదు. వాడి తుపాకీ మూడు సార్లు పేలింది.

ఆ సాయంత్రమే ఫెడరల్ వాళ్ళ ప్రకటన వచ్చింది. మరణించిన మహిళ లోహపు వస్తువుతో అధికారి మీదకి వచ్చిందట. ఆ సమయానికి పిల్లలందరూ రోడ్డు దాటేశారట. ఆవిడ అడ్డు నిలబడి కాపాడాల్సిన పిల్లలే అక్కడ లేరట.

ఎఫ్రాయిన్‌ని పట్టుకుపోయి వేరే రాష్ట్రంలో నిర్బంధించారు. ఏడేళ్ళ ఇట్సెల్ మాత్రం ఎటు పోయిందో తెలియలేదు. తూటాల చప్పుడికి పిల్లలు చెల్లాచెదరయ్యారు. మిగతా పదకొండు మందీ ఇళ్ళకి చేరారు. పోలీసులు ఫొటో అంటించారు, జనం సందుసందూ వెతికారు. మీ దగ్గరుందా అని ఫెడరల్ వాళ్ళని అడిగితే, మా జాబితాల్లో ఆ పేరే లేదన్నారు.

ఊరు రెండుగా చీలిపోయింది. కొందరు గుమ్మాలకి నారింజ గుడ్డ కట్టారు. కొందరు ఇళ్ళ ముందు ఏజెంట్లకి మద్దతుగా బోర్డులు పాతారు. నేను కొట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. బయటికి రాగానే మళ్ళీ మొదలు. మా అక్క మనిషి కాకుండా పోయి, వాదన అయిపోయింది.

అక్క పోయిన మూడో వారం, గురువారం, మధ్యాహ్నం రెండున్నరకి సిటీ హాల్లో బహిరంగ సభ పెట్టారు. సభ గుమాస్తా లొరేన్ నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఈ ఒక్కరోజూ సెలవు పెట్టు క్లెమ్. ఇంకెవరినైనా కూర్చోబెడతాను.”

“ఇంట్లో గోడలు మీద పడుతున్నాయి లొరేన్. ఇక్కడైతే కనీసం మీటలుంటాయి నొక్కడానికి.”

బయట మబ్బు. మంచు సన్నగా రాలుతోంది. గది కిక్కిరిసింది. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కాగిన కాఫీ వాసన. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ముందు ఆర్విల్ పగ్ లేచాడు. రిటైరైన లారీ డ్రైవర్. అక్క ఇంటి పక్కిల్లే. గొంతు సర్దుకున్నాడు.

“వాండా మంచిది. కాదన్నవాడి నాలుక తెగిపోనీ. మా ఆవిడ జబ్బు పడితే నెల రోజులు సూప్ మోసింది. కానీ నా మనవడూ తుపాకీ ఉద్యోగమే చేస్తాడయ్యా. వాడికి ఆలోచించుకోడానికి రెండు క్షణాలుంటాయి. తప్పుకోమన్నప్పుడు తప్పుకుంటే ఏం పోయింది? ఇవాళ మన మధ్య కూర్చునేది కదా!”

“సిగ్గులేదూ!” అని ఎవరో అరిచారు. అధ్యక్షుడి సుత్తి బల్ల మీద మోగింది.

తర్వాత రెండో తరగతి టీచర్ ఫెర్న్. చేతిలో కాగితం మడిచి పగ్ వైపు తిరిగింది.

“పగ్ గారూ, ఆవిడ వెనక నా పిల్లలున్నారు. పన్నెండు మంది. ఎటు తప్పుకోమంటారు? తప్పుకుంటే ఆ కారు ఎవరి మీద నుంచి పోయేది? పిల్లలు దాటేశారంటున్నారు. మరి ఇట్సెల్ ఏది? దాటిన పిల్ల ఏది?”

గదిలో ఒక తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మైకులోకి రాకుండా మీట తగ్గించాను. అది నా పని.

ఇంకొందరు మాట్లాడాక, మూడూ ఇరవైకి ఫెడరల్ తరఫు వకీలు లేచాడు. నున్నటి గొంతు. “మరణించిన వ్యక్తి చర్యల వల్ల...” అని మొదలుపెట్టాడు.

హెడ్‌ఫోన్స్‌లో అతని గొంతు ఆగిపోయింది.

అద్దంలోంచి చూశాను. అతని పెదాలు కదులుతున్నాయి. జనం వింటున్నారు. నా చెవులకి మాత్రం ఏమీ లేదు. తీగ వదులైందేమోనని చూశాను. లేదు. అప్పుడు సన్నగా... గాలి. ఆరుబయట వీచే గాలి. తర్వాత మంచు మీద అడుగులు. కరకర... కరకర... చాలా చిన్న అడుగులు, చాలామందివి.

నా గదిలో పుదీనా వాసన వేసింది.

ఒకటి... అన్నారెవరో. రెండు... మూడు...

ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? నన్ను ఎత్తుకుని పెంచిన గొంతు.

తొమ్మిది... పది... పదకొండు...

ఆగింది. శ్వాస వినిపిస్తోంది. లోపల ఏదో కారుతున్నట్టు, తడిగా.

“అక్కా...” అన్నాను. నా ముందు మైకు లేదు. అయినా అన్నాను.

“ఒకరు తక్కువరా క్లెమ్.”

కన్నీళ్ళకి మీటలు కనబడటం లేదు. “అక్కా... నొప్పిగా ఉందా?”

మళ్ళీ గాలి. అంతలో చెవికి నోరు ఆనించి చెప్పినట్టు...

“వెనక వరుస. గోడ పక్కన. వాడిని అడుగు.”

చూశాను. వెనక వరుసలో, గోడకి ఒరిగి, ముప్పై ఏళ్ళు లేని కుర్రాడు. బూడిద రంగు కోటు. నున్నగా గీసిన గడ్డం. అందరూ వకీలు వైపు చూస్తున్నారు. వాడు నేల వైపు చూస్తున్నాడు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పదకొండు... పదకొండు...

వాడికి హెడ్‌ఫోన్స్ లేవు.

వాడు లేచి బయటికి నడిచాడు. నేను చెవుల మీదవి తీసి పడేసి వెంట వెళ్ళాను. నడవాలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఎవరూ లేరు. వాడు మెట్ల కమ్మి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నువ్వేనా?” అన్నాను.

తల ఎత్తలేదు. “ఆవిడని ఆపమనండి సార్.” గుసగుసలాడాడు. “రోజూ... అదే టైముకి... నేను ఏ ఊళ్ళో ఉన్నా... లెక్కపెడుతుంది. మూడు రోజుల నుంచి నా పక్కనే నిలబడి లెక్కపెడుతోంది. కోటు తడిగా... నా చేతికి తగులుతోంది...”

“నా అక్క అది.”

వాడు ఒక మెట్టు కిందికి జారాడు. వాడి మెడ పట్టుకుని ఆ మెట్ల మీద నుంచి తోసేద్దామనే అనిపించింది. నా చేతులు లేచాయి కూడా. కానీ పుదీనా వాసన మా ఇద్దరి మధ్య నిలబడి ఉంది.

“పాప ఏది?” అన్నాను.

“నేను బోర్డు చూళ్ళేదు సార్. చెయ్యి లేవడమే చూశాను...”

“అది కాదు అడిగింది. పాప ఏది?”

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తూటాలకి బెదిరి, తలుపు తెరిచి ఉన్న వాళ్ళ కారులోకే దూరింది పాప. వెనక సీటు కింద నక్కింది. రెండు గంటలు ప్రయాణం చేశాక గానీ వీళ్ళు చూడలేదు. అప్పటికే పైవాళ్ళు పిల్లలెవరూ లేరని ప్రకటించేశారు. పాప దొరికిందని రాస్తే, రోడ్డు మీద ఉందనీ రాయాలి.

“మా పై అధికారి వేరే పేరు రాయమన్నాడు... రోసా అని రాశాం. ఒక పిల్లల హోమ్‌లో అప్పగించాం. పాప మాట్లాడటం లేదు సార్. పేరు కూడా చెప్పలేదు.”

“లోపలికొచ్చి ఇదే చెప్పు.”

“నా వల్ల కాదు.”

ఊరి పేరు మాత్రం చెప్పాడు. మెట్లు దిగి మంచులోకి వెళ్ళిపోయాడు. వాడి బూట్ల పక్కనే ఇంకో జత అడుగులు పడతాయేమోనని చూశాను. మంచు దట్టంగా రాలుతోంది. ఏమీ కనబడలేదు.

నేను సభలోకి వెళ్ళాను. నా గదిలోకి కాదు, మాట్లాడేవాళ్ళు నిలబడే చోటికి. పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అక్కడ నిలబడలేదు. లొరేన్ నన్ను చూసి, అద్దం వెనకకి పరిగెత్తి తనే మైకు తెరిచింది.

“నా పేరు క్లెమ్ కొవాల్. వాండా నాకు అక్క. ఆ కారు గురించి ఎవరికైనా చెప్పమని ముందే అడిగింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. చూసుకుంది...”

పగ్ తల దించుకున్నాడు. నేను ఊరి పేరు చెప్పాను. రోసా అన్న పేరు చెప్పాను. వకీలు కాగితాలు సర్దుకుంటూ చెయ్యి ఆపాడు. ఎర్ర దీపం వెలగలేదు.

పదకొండు రోజులకి ఇట్సెల్‌ని తీసుకొచ్చారు. కాల్చినవాడి పేరు ఇవాళ్టికీ బయటపెట్టలేదు. విచారణ జరుగుతోందంటారు. ప్రకటన మాత్రం మార్చారు, పిల్లలు ఉండి ఉండవచ్చు అని. ఊరు ఇంకా వాదించుకుంటూనే ఉంది. పగ్ ఒకరాత్రి తలుపు కొట్టి, టోపీ ఒళ్ళో పెట్టుకుని నా వంటింట్లో గంట సేపు కూర్చుని వెళ్ళాడు.

షికాగో నుంచి ఇట్సెల్ పిన్ని వచ్చేదాకా పాపని ఫెర్న్ టీచర్ తన ఇంట్లో ఉంచుకుంది. చూడ్డానికి వెళ్ళాను. సోఫా మూలన దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడటం లేదని ఫెర్న్ ముందే చెప్పింది. నేను పక్కన కూర్చుని, వాండా తమ్ముణ్ణి అన్నాను.

పాప నా ముఖంలోకి చూసింది. “మిస్ వాండా కారులో నాతోనే ఉంది,” అంది.

ఫెర్న్ చేతిలో గ్లాసు కింద పెట్టి దగ్గరికి వచ్చింది.

“నన్ను కప్పుకుని పడుకుంది. అరవకు తల్లీ అంది. కోటు అంతా తడి. హోమ్‌లో కూడా నా మంచం పక్కనే కూర్చునేది.”

“మరి...” అన్నాను. “నీతో తిరిగి వచ్చిందా అమ్మా?”

తల అడ్డంగా ఊపింది. “అక్కడ ఇంకా పిల్లలున్నారుగా. వాళ్ళని దాటించాలంది.”

“ఎక్కడికి?”

పాప దుప్పటి తల మీదకి లాక్కుంది.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మూడూ ఇరవైకి నాకు ఫోన్ వచ్చింది. పాపని మా ఊరు తెచ్చి అప్పగించిన రోజు నా నంబరు రాసుకున్న హోమ్ ఉద్యోగిని. బాగా లోగొంతుకతో మాట్లాడుతోంది.

“సార్, మా పిల్లలకి మీరెవరైనా ఏదైనా ఆట నేర్పించారా?”

“లేదమ్మా. నేనక్కడికి రానే లేదు. ఏం?”

“రోజూ ఇదే టైముకి తలుపు దగ్గర వరసలో నిలబడుతున్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ముందున్న పిల్లాడు చెయ్యి పైకెత్తి ఉంచుతాడు... పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు. ఇవాళ తలుపు తెరిచి ఉంది సార్. తాళం వేసింది నేనే. తాళంచెవి నా జేబులోనే ఉంది.”

“పిల్లలో?” అన్నాను.

“లోపలే ఉన్నారు. పిలిస్తే ఒక్కరూ నా వైపు తిరగడం లేదు. అందరూ బయటికే చూస్తున్నారు... నవ్వుతున్నారు...”

ఆమె ఊపిరి బిగబట్టడం వినిపించింది.

“బయట ఎవరూ లేరు సార్.”