పోఖరాకు పంపాల్సిన కొలతలు

నేపాల్ కొండల్లో సైకిల్ తొక్కల్లని నేనూ సంజీవూ అనుకుని రెండేండ్లయింది. నాది పులివెందుల, చీనీ బత్తాయిల తోట చూసుకుంటా. వాడు జమ్మలమడుగులో డ్రిల్లు సారు. సెలవు దొరికితే చాలు, గండికోట దోవలో రాళ్ల మీద పడి తొక్కేవాళ్లం. "మోటర్‌సైకిల్ పెట్టుకోని ఈ తొక్కుడేందిరా" అని ఊర్లో నవ్వేవాళ్లు. నవ్వుకోనీ. ఎవురి పిచ్చి వాళ్లకానందం.

సైకిళ్లను ఈడ్నించి మోసుకపోయేంత తిక్క మాకు లేదు. సైకిలు, హెల్మెట్టు, మోకాళ్లకు కట్టుకునేవి, అన్నీ పోఖరాలో బాడుగకు దొరుకుతాయి. ఆడి అంగడాయన ఫోన్లో మెసేజి పెట్టినాడు. ఒక్కొక్కరి ఎత్తు, కాలి పొడవు, తల చుట్టుకొలత పంపండి, మీ సైజువి తీసి పక్కన పెడతా అని.

ఆ పని మీదనే ఆదివారం మధ్యాన్నం సంజీవ్ ఇంటికి పోయినా. వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చినారు. వాని పెండ్లాం ఎస్తర్ సంగటి, కోడికూర పెట్టింది. "నేనూ వస్తాండా అన్నా. మిమ్మల్నిద్దర్నే వదిలితే యాడో లోయలో పడి చస్తారు" అని ఎగతాళి చేసింది. సరే, ముగ్గురం అనుకున్నాం. కొలతలు తీద్దామంటే ఇంట్లో టేపు కనపడలా. ఎస్తర్ నాయన యేసురత్నం మామ వాకిట్లోనే షెడ్డేసుకుని శవపెట్టెలు చేస్తాడు. ఆ షెడ్డులో మేకుకు తెల్లటి నూలుతాడు వేలాడతాంటే, సంజీవ్ దాన్ని తీసుకొచ్చినాడు.

నిలబడితే తాడు వంకర పోతాందని చాప మీద పండుకోబెట్టి కొలిచి, తాడుకు జానలేసి లెక్క రాసుకున్నాం. ఒకరు తలకాడ పట్టుకోవల్ల, ఒకరు కాళ్లకాడ. ముందు సంజీవ్, తర్వాత నేను, ఆఖరున ఎస్తర్. ఆయమ్మి ఇంకా చాప మీద నుంచి లేవనే లేదు, మామ వచ్చినాడు. తాడు చూసి గడపలోనే ఆగిపోయినాడు.

"ఆఖరున ఎవుర్ని కొలిచినారు?"

"నన్నే నాయనా. ఏం?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అల్లున్ని షెడ్డులోకి పిలుచుకపోయి ఏందో గుసగుసగా చెప్పినాడు. తిరిగొచ్చినాక సంజీవ్ నా మొహం చూడలా.

"శివా, నీ కొలత తప్పు పడిందిరా. ఇంగోసారి పండుకో."

నవ్వుకుంటానే పండుకున్నా. ఎంత ఎర్రోన్ని నేను! తలకాడ మామ, కాళ్లకాడ సంజీవ్. ముసలాయన బొటనేలు నా నొసటికి తగిలింది. ఎండాకాలంలో గూడా చల్లగా ఉండాది. ఆయన చేతుల నిండా వార్నీషు వాసన. కొలిచినారు గానీ, ఇద్దరిలో ఒక్కరూ లెక్క రాసుకోలా. తాడు చుట్టి మామే నా సంచిలో పెట్టినాడు.

"నీకాడనే ఉండనీ అప్పా."

లోపల ఎస్తర్ ఏడుస్తాంది. ఏందిరా అంటే తలనొప్పి అన్నాడు సంజీవ్.

ముద్దనూరులో బండి ఆపి టీ తాగుతాంటే ఎస్తర్ ఫోన్ చేసింది. ఎవురికన్నా వినపడతాదేమోనని గొంతు బాగా దించింది.

"అన్నా... పీనుగను కొలిచిన తాడు ఆ పెట్టెలోనే పోవల్ల. పెండ్లిమర్రిలో ముసలాయన ఒకాయన పోయింటే, ఆయన పెట్టెలో పెట్టేది నాయన మర్చిపోయినాడు. అట్ల మిగిలిపోతే... దాంతో ఆఖరున ఎవుర్ని కొలిస్తే వాళ్ల కోసం ఆ పోయినాయన వస్తాడంట."

"ఆఖరున కొలిచింది నిన్ను కదమ్మా?"



"తర్వాత నిన్ను కొలిచిరి గదన్నా" అని ఫోన్ పెట్టేసింది.

కడుపు మండిపోయింది నాకు. వాని ఇంట్లో సంగటి తిని ఇంకా చెయ్యి వాసన పోలేదు. స్నేహితుడంట, స్నేహితుడు! థూ.

టీ కొట్టు బెంచీ మీద ఎవురో తాగుబోతు ఒళ్లు తెలీకుండా నిద్రపోతాండాడు. అబద్ధమెందుకు, నా చెయ్యి సంచిలోకి పోయింది. తాడు కొస వాని తల దాకా తీసుకపోయినా. కాళ్లకాడ పట్టుకునేదానికి ఇంగో మనిషి లేక ఆగిపోయినా గానీ, మంచితనంతో కాదు. కాల్చి బూడిద చేస్తా దీన్ని అనుకుని బండెక్కినా.

ఇల్లు చేరేసరికి మసక పడతాంది. మా ఆమె ప్రొద్దుటూరికి బట్టలకు పోయింది. మా అమ్మ పెరట్లో బర్రెకు పాలు పిండుతాంది. సంచి హాల్లో పడేసి, సీసా తీసుకుని బండిలో పెట్రోలు పట్టేదానికి బయటికొచ్చినా. అంతే. అంతసేపే.

లోపలికి అడుగు పెడితే వార్నీషు వాసన...

హాల్లో లైటు లేదు. నా కూతురు చందన నేల మీద వెల్లకిలా పండుకోనుంది. తల నుంచి కాళ్ల దాకా తాడు. తలకాడ కొస దాని పిడికిట్లో ఉండాది.

"నాయనా, నేనూ వస్తా నేపాల్‌కు! కొలుచుకున్నా!"



"ఒక్కదానివే... ఎట్ల కొలుచుకున్నావు తల్లీ?"

"ఒక్కదాన్నే యాడ? తాత పట్టుకున్నాడు గదా."

కాళ్లకాడ తాడు నేలకు జానెడు ఎత్తున నిలబడింది. బిగుసుగా... పట్టుకున్న చెయ్యి లేదు.

చేతిలో సీసా యాడ పడిందో తెలీదు. బిడ్డను పక్కకు లాగి, దాని తావులో నేను పండుకున్నా. "నన్ను కొలువు సామీ... నేనే ఆఖరు... నన్ను కొలువు..." అని ఏడ్చినా. ఆ కొస మెల్లగా నేల మీదికి దిగింది. పని అయిపోయినోడు కింద పెట్టినట్టు.

"మా! మా! బిరీన రా!" అని అరిచినా. అమ్మ పాలచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. తాడు కొస నా తలకాడ పెట్టుకుని, రెండో కొస కాళ్లకాడ పట్టుకోమన్నా. అమ్మ వంగింది. వంగి అట్లనే ఉండిపోయింది.

"యాడ పట్టుకునేదిరా? ఇది నీ మోకాళ్లకు గూడా రాలేదే."

మధ్యాన్నం నా ఒంటి కంటే పొడుగుండిన తాడు. ఇప్పుడు సరిగ్గా చందన అంత ఉండాది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను లాగినా, అమ్మ లాగింది. సాగలా.

చందన వాకిలి పక్కకు తిరిగి, ఎవురికో చెయ్యి ఊపింది.

"పొద్దునకు తెస్తాడంట నాయనా. నాకు సరిపోయేది."