ఉప్పు కొఠారులో వడ్డన

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట, ఏటికీ సముద్రానికీ నడుమ ఒక దీవి ఉంది. పెద్దదేం కాదు. ఇంత సరుగుడు తోపు, కంటికి ఆనినంత మేర తెల్లటి ఇసక, చుట్టూ నీళ్ళు. పగలు చూస్తే అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. చీకటి పడ్డాక మాత్రం... నిజంగానే ఉండిపోతామేమోనన్న భయంతో ఎవరూ అటు వెళ్ళరు.

కారణం, దీవి కొసన ఉన్న ఉప్పు కొఠారు. రేవులో ఓడలు ఆగే రోజుల్లో ఉప్పు బస్తాలు దాచడానికి కట్టింది. ఇప్పుడు కప్పు సగమే మిగిలింది, తలుపులు అసలే లేవు. ఏడాదిలో కొన్ని రాత్రులు అందులో దీపం వెలుగుతుందట. వంట వాసన వస్తుందట. గుమ్మంలో ఆకు వేసి ఉంటుందట — వేడివేడి అన్నంతో! వడ్డించే ఆడమనిషి పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉంటాయట. ఆ ఆకు ముందు కూర్చున్నవాడు మళ్ళీ తన ఇంట్లో భోంచెయ్యలేదని చెప్పుకుంటారు. అలా కూర్చున్నవాడు ఎవరు, ఏ ఊరు అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఈ కథంతా రాజాం బెల్లం వ్యాపారి జగన్నాధానికి పడవలో చెప్పినవాడు బంగారురాజు. పడవ నడిపే మనిషి. చెప్పడం కూడా ఎప్పుడు చెప్పాడు? సగం దూరం వచ్చేశాక.

"ఈ మాట ఒడ్డునే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు జగన్నాధం.

"సెప్తే ఎక్కుతారేటి, సావుకారుబాబూ?"

న్యాయమైన మాటే.

జగన్నాధం అక్కడికి సరదాకి రాలేదు. అది రెండువేల పదిహేడు, కార్తీకమాసం. రాజాం వర్తక సంఘం వాళ్ళకి వనభోజనాలంటే పెద్ద పండగ, దాని వెనకాల పెద్ద తగువు. ఈ ఏడు దీవిలో పెట్టుకుందామన్నారు. "దీవి బాగుంటే కడుపు నిండుతుందా? నూట ఇరవై మంది ఎక్కడ కూర్చుని తింటారు? గాడిపొయ్యి ఎక్కడ తవ్వుతారు? మంచినీళ్ళేవీ?" అని మీటింగులో జగన్నాధం ఒక్కడే లేచి అడిగాడు. అడిగినవాడినే చూసి రమ్మన్నారు. నోరు మూసుకుని జీడిపప్పు తింటూ కూర్చున్నవాళ్ళందరూ హాయిగా ఇళ్ళకి పోయారు.

కొట్టు కట్టేసి బయల్దేరేసరికి మూడు దాటింది. పగటిపూట బేరం వదులుకుని దీవులు చూడ్డానికి ఆయనేం పిచ్చివాడా? అందుకే దీవి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది.

ఆయనకి ఎనిమిదేళ్ళుగా షుగరు. డాక్టరు గట్టిగా చెప్పి పెట్టాడు — "మాత్ర వేసుకున్న అరగంటలో కడుపులో అన్నం పడాలి. పడకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. పక్కన ఎవరూ లేకపోతే అంతే సంగతులు." భార్య తాయారు క్యారేజీ నిండా పులిహోర, దద్దోజనం సర్ది పంపింది. దీవి దిగగానే తినొచ్చు కదా అని జగన్నాధం పడవలోనే మాత్ర వేసుకున్నాడు.

దిగాడు. దిగడం ఇసక మీద కాదు, బురద మీద. కాలు సర్రున జారింది. మనిషి మెడదాకా నీళ్ళలో. లేచి చూసుకుంటే జేబులో ఫోను చచ్చిపోయింది, చేతిలో క్యారేజీ లేదు. అల్లంత దూరాన తాయారు చేసిన పులిహోర సముద్రంలోకి తేలుకుంటూ పోతోంది.

"బెంగెట్టుకోకండి బాబూ! డీజిలూ, తినడానికేటైనా అట్టుకుని అరగంటలో వచ్చేత్తాను," అని బంగారురాజు పడవ తిప్పేశాడు.

అరగంటలో వచ్చింది పడవ కాదు. పాటు వచ్చింది. ఏట్లో నీళ్ళు తీసేశాయి. ఇంజను పడవ నడవాలంటే మళ్ళీ పోటు రావాలి, అంటే తెల్లవారాలి. అవతలి ఒడ్డు నుంచి బంగారురాజు ఏదో అరుస్తున్నాడు... గాలికి ఒక్క ముక్కా వినపడలేదు. కాసేపటికి అరుపు కూడా ఆగిపోయింది.

చీకటి పడింది.

జగన్నాధానికి ముందు వేళ్ళు వణికాయి. తరవాత ఒళ్ళంతా చెమట — తడి బట్టల లోపల చల్లటి చెమట. పెదాలు తిమ్మిరెక్కాయి. రాజాం బజారులో బస్తాలకి బస్తాలు బెల్లం ఉంది తనకి. జేబులో వేలెడు ముక్క లేదు. ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి, సంఘానికి మాజీ కోశాధికారి, ఇసకలో కూలబడి నిజంగానే ఏడ్చాడు.

అప్పుడు తగిలింది వాసన.

అన్నం వాసన... తాలింపు వాసన... ఏలకులు వేసి కాచిన పాల వాసన.

తల ఎత్తాడు. సరుగుడు చెట్ల అవతల, దీవి కొసన — చిన్న దీపం.

ఉప్పు కొఠారు!

జగన్నాధం వెనక్కి చూశాడు. నీళ్ళు. ముందుకి చూశాడు. దీపం. దెయ్యాలు చంపితే చంపొచ్చు, చంపకపోనూ వచ్చు. షుగరు మాత్రం ఈ రాత్రికి వదలదు. ఆ లెక్క తేలాక ఆంజనేయస్వామిని తలుచుకుని, సగం నడిచి సగం పాకి, కొఠారు దగ్గరికి చేరాడు.

గుమ్మంలో ఆకు వేసి ఉంది.

తెల్లటి అన్నం, పొగలు కక్కుతోంది. పక్కన చేపల పులుసు. ఆకు కొసన పరమాన్నం. లోపల, గోడకేసి తిరిగి, మూడు ఆకారాలు. నెత్తి మీంచి తెల్లగుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. ఒక్కటీ కదలట్లేదు. ఒక్కటీ ఇటు తిరగట్లేదు.

"అమ్మా..." అన్నాడు జగన్నాధం. నాలిక మొద్దుబారి మాట బయటికి రాలేదు, గాలే వచ్చింది. "అన్నం..."

నడిమి ఆకారం ఒక్కసారి ఉలిక్కిపడింది.

"వొచ్చినాడే..." ముసలి గొంతు. గుసగుస. "వొచ్చినాడే!"

పారిపోదామనుకున్నాడు. రెండడుగులు కూడా పడలేదు. ఆకు ముందు దబ్బున కూలబడ్డాడు. కూలబడ్డాక చెయ్యి ఎవరి మాటా వినలేదు. తిన్నగా పరమాన్నం మీదికి పోయింది. ఒక ముద్ద... రెండు... ఆ కొస నాకేశాడు. బెల్లం మంచి రకం, అనకాపల్లిది, రెండేళ్ళ పాతది కాదు. చావు ముంగిట్లో కూర్చున్నా వ్యాపారి వ్యాపారే.

అంతలో ఒక ఆకారం లేచింది.

లేచి ఇటు రావడం మొదలుపెట్టింది. మొహం అటే ఉంది... వీపు ఇటు ఉంది... అయినా దగ్గరికి వస్తోంది. జగన్నాధం చూపు నేల మీదికి జారింది. మడమలు ముందు. వేళ్ళు వెనక. ఒక్కో అడుగూ... ఒక్కో అడుగూ...

నోట్లో పరమాన్నం నోట్లోనే ఉండిపోయింది.

ఆకారం ఆకు దగ్గర ఆగింది. వెనక్కి చెయ్యి చాపి గిన్నెలోంచి మరో రెండు గరిటెలు పరమాన్నం వేసింది. తరవాత ఆ చెయ్యి ఆకంతా తడిమింది. తడుముతూ తడుముతూ వచ్చి జగన్నాధం వేళ్ళకి తగిలింది. ఒక క్షణం... అక్కడే ఆగిపోయింది.

"ఏటే మరిడీ? తింతన్నాడా?" ముసలి గొంతు.

"తింతన్నాడత్తా." ఆకారం చెయ్యి వెనక్కి తీసుకుంది. "పరమాన్నమే తింతన్నాడు. సేప ముట్టలేదు."

"సేప ముట్టలేదా!"

ఆ మాటకి కొఠారంతా గొల్లుమంది. జగన్నాధానికి అర్థం కాలేదు. వాళ్ళ వంశంలో ఏడు తరాలుగా నీచు ముట్టినవాడు లేడు. అందులోనూ కార్తీకమాసం. దెయ్యాలైనా ఆ మాత్రం తెలుసుకోవద్దా?

మూడో ఆకారం గోడకేసి తల కొట్టుకుంటోంది. మగ గొంతు. "అన్నా, కోపం ఉంచుకోకు. తిను. నీకు ఇష్టమని కొయ్యంగ సేప తెచ్చినాను."

"తి... తినను," అన్నాడు జగన్నాధం.

"ఒరే లచ్చుడూ!" ముసలి గొంతు లేచింది. "ఇన్నావా? తినడంటన్నాడు. తోడబుట్టినోడి వల లాక్కుని, ఆడి పెళ్ళాన్ని రోడ్డున పడేస్తే సేప తింటాడేట్రా! నా కొడుకు నోరు కట్టేసినావురా!"

"ఇచ్చేత్తానే అమ్మా! తెల్లారగానే వదినకి వల ఇచ్చేత్తాను. గంగమ్మ తోడు. అన్నా, ఇచ్చేత్తాను, తిను!"

జగన్నాధం చేపని ఆకు అవతలి కొసకి నెట్టాడు. రెండోసారి వేసిన పరమాన్నం కూడా తిన్నాడు. మూడోసారి అడగకుండానే పడింది. చేతుల వణుకు తగ్గింది. చూపు నిలకడకొచ్చింది. ప్రాణం కుదుటపడగానే భయం రెట్టింపయింది.

"కడుపు నిండినాదా నాయినా?" ముసలి గొంతు మెత్తబడింది. "నిండితే ఎల్లిపో. ఎనక్కి సూడకు. మీ నాన్నని అడిగినానని సెప్పు."

వెనక్కి చూడకు అని చెప్పాలా? జగన్నాధం ఆ ఇసకలో పరిగెత్తిన పరుగు తాయారు చూసి ఉంటే, ఈయనకి మోకాళ్ళ నొప్పులున్నాయని మళ్ళీ నమ్మేది కాదు. తెల్లవార్లూ ఒడ్డున కూర్చుని ఆంజనేయ దండకం సగం సగం చదివాడు. మిగతా సగం ఎప్పుడూ రాదు.

పోటుతో పాటే బంగారురాజు వచ్చాడు. వచ్చేటప్పుడే నోరు తెరుచుకుని వచ్చాడు.

"సావుకారుబాబూ, బతికే ఉన్నారా! మా పేటలో రాత్రి ఏటి జరిగినాదో తెలుసేటి? సోములొచ్చినాడు!"

"ఏ సోములు?"

చెప్పుకొచ్చాడు. సోములు కిందటేడు ఇదే రోజుల్లో సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అలా సముద్రంలో పోయినవాళ్ళకి, ఏడాది తిరిగాక కొఠారు గుమ్మంలో ఆకు వెయ్యడం వాళ్ళ పేటలో పద్ధతి. బయటివాళ్ళకి మాత్రం దెయ్యమనే చెప్తారు. కాకి రావాలని చూడరు. మనిషే వస్తాడంటారు. వచ్చి తినేటప్పుడు ఎవరూ మొహం చూడకూడదు. చూస్తే సిగ్గుపడి వెళ్ళిపోతాడట. అందుకే గోడకేసి తిరిగి కూర్చుంటారు, వెనక్కి నడిచి వడ్డిస్తారు. ఎప్పుడూ ఎవరూ వచ్చింది లేదు. తెల్లారేలోగా చిన్న తెప్పెక్కి వచ్చేస్తారు.

"నిన్న వొచ్చినాడంట! నీళ్ళు కారుకుంటా వొచ్చి కూకున్నాడంట! సేప ముట్టలేదు. పరమాన్నం మూడుసార్లు తిన్నాడంట. ఆడికి తీపంటే గిట్టదు కదేటే అని అడిగితే, వాళ్ళమ్మ లక్ష్మణమ్మ ఏటందో తెలుసేటి? 'ఏడాదై ఉప్పునీళ్ళు తాగతన్నాడు నా కొడుకు... తీపి మీద పడడా?' అని ఒకటే ఏడుపు."

జగన్నాధం కొఠారు వైపు చూశాడు. తను భయపడ్డ మాట నిజమే. కానీ తనని కొడుకనుకుని ఒక తల్లి కడుపు నిండిందా అని అడిగింది. ఆ మాట మోసుకుని రాజాం ఎలా పోవడం? చెప్పేద్దామనుకున్నాడు. చెప్తే ఆ ముసలావిడ ఏమైపోతుంది? చెప్పకపోతే తను ఏమైపోతాడు? నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. అంతలో పడవ ఒడ్డుకి తగిలింది.

ఒడ్డున జనం. మధ్యలో సోములు తమ్ముడు లక్ష్ముడు, కళ్ళు వాచిపోయి, పెద్ద వల ఒకటి తెచ్చి వదిన కాళ్ళ దగ్గర పడేస్తున్నాడు. వదిన మరిడమ్మ ముప్పయ్యేళ్ళ మనిషి. వల చేతిలోకి తీసుకుంది. వల కన్నులు ఒక్కొక్కటీ పట్టి పట్టి చూసుకుంది.

తరవాత తలెత్తి జగన్నాధాన్ని చూసింది. బురద పంచెని చూసింది. చేతుల్ని చూసింది.

బంగారురాజు పడవ లాగుతుండగా చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చింది. దాహం తీర్చేదానిలా చెంబు అందించి, పెదాలు కదపకుండా అడిగింది —

"పరమాన్నం సరిపోనాదా, బాబూ?"

చెంబు జారి ఇసకలో పడింది.

"నీకు... తెలుసా?"

"సెయ్యి తగిలినాది కదా. ఏడిగా ఉన్నాది." మరిడమ్మ కళ్ళు సముద్రం వైపు తిరిగాయి. "ఆడు ఏడాదై నీళ్ళలో ఉన్నాడు. ఆడి సెయ్యి ఏడిగా ఎందుకుంటాది?"

"మరి అప్పుడే చెప్పలేదేమమ్మా?"

"సెప్పుదునే. అప్పుడే మా మరిది వల ఇచ్చేత్తానన్నాడు." చెంబు తీసి ఇసక దులిపింది. "మా అత్త రాత్రి కడుపునిండా ఏడిసి, ఏడాది తరవాత పడుకున్నాది. ఎవరికీ సెప్పకండి."

"చెప్పను తల్లీ. ఒట్టు."

వెళ్ళబోయి ఆగింది. అటూ ఇటూ చూసి ఇంకాస్త దగ్గరికొచ్చింది.

"వొచ్చే అమాసకి మళ్ళీ ఆకు ఎయ్యమంటాను మా అత్తని. తవరు ఒక్కపాలి రావాల."

"నేనా! మళ్ళీ ఎందుకమ్మా?"

"మా పడవ ఇంజను ఇంకా మా మరిది కాడే ఉన్నాది," అంది మరిడమ్మ. "సేపే వొండుతాను. ముట్టకండి."